ఖాలా బీపీ, నా పదహారు పేజీలు

ఆ రోజుల్లో చదువంటే నాకెంత ఇష్టమో చెప్పాలంటే ఒక్క మాట చాలు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడినప్పుడు మా మానుకోటలో అందరికంటే ఎక్కువ గంతులేసింది నేనే. ఇక జన్మలో లెక్కల పుస్తకం ముట్టే పని లేదని నమ్మి, పలక కూడా చెల్లెలికి దానం చేశాను. అలాంటిదాన్ని, నర్సు కోర్సు చదివి, డిగ్రీ చేసి, దవాఖానలో కొన్నేళ్లు పనిచేసి, ఎనభైల మొదట్లో ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతానని దూరపు పట్నానికి బయలుదేరితే మా ఇంట్లో నమ్మడానికి రెండు రోజులు పట్టింది. మా బాపు రైసు మిల్లులో గుమాస్తా. విషయమంతా శ్రద్ధగా విని, కళ్లద్దాలు తుడుచుకుని, "నర్సుకు గింత చదువెందుకు బిడ్డా? ఇంతకన్న లోతుకు పొడుస్తవా సూది?" అన్నాడు.

సూది సంగతి కాదు బాపూ, పెద్ద వయసువాళ్లకు వచ్చే గుండె జబ్బులు, బీపీ, షుగరు, వీటిని డాక్టరు వచ్చేదాకా ఆగకుండా నర్సే పట్టుకోవడం, రోగికి దారి చూపడం నేర్పుతారు అని చెప్పాను. చెప్పి ఊరుకుంటే బాగుండేది. సెలవులకు వచ్చినప్పుడల్లా నేర్చుకున్నదంతా ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించేదాన్ని. మెడలో స్టెతస్కోపు (స్నానానికి మాత్రం తీసేదాన్ని), చేతిలో నోటు పుస్తకం. ఛాతీ మీద వేళ్లతో తట్టి లోపలి చప్పుడు వినడం ఒక విద్య. బాపును మంచం మీద కూర్చోబెట్టి వీపంతా తట్టాను. పావుగంట ఓర్చుకుని, "తలుపు కొట్టినట్టు కొడుతున్నవేందే, లోపల ఎవ్వలు లేరు" అన్నాడు. ఎదురింటి బర్రె గుండె కూడా విన్నాను. అది నాకంటే ప్రశాంతంగా ఉంది.

చివరి ఏడాదిలో ఒక పరీక్ష వచ్చిపడింది. సొంత ఊళ్లో పెద్ద వయసు రోగినొకరిని ఎంచుకుని, రెండు నెలలు అక్కడే ఉండి కనిపెట్టి చూసి, వివరంగా నివేదిక రాయాలి. తరువాత మా పెద్ద మేడం స్వయంగా వచ్చి, నేను రోగితో మాట్లాడే తీరు చూసి మార్కులు వేస్తుంది. ఆమె మలయాళీ. నవ్వగా చూసినవాళ్లు మా కాలేజీలో లేరు. అందులో తప్పితే మళ్లీ ఏడాదంతా చదవాలి, చదువు కోసం దవాఖానవాళ్లు ఇచ్చిన సెలవేమో అయిపోవచ్చింది. అందుకే నాకు బాగా కావలసిన మనిషిని ఎంచుకున్నాను, మా వీధిలో గాజులమ్మే ఖాలాను (ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, వీధంతా అలాగే పిలిచేది). చిన్నప్పటినుంచి నా చేతులకు గాజులు తొడిగిన మనిషి. యాభై అయిదేళ్లుంటాయి, బీపీ ఉంది, గోలీలు దవాఖానలోనే ఇస్తారు. పైగా నేనేమన్నా "అట్లనే బిడ్డా" అంటుంది. ఇంతకంటే మంచి రోగి జిల్లాలో దొరకదనుకున్నాను.

ఆమె కోసం పదహారు పేజీల ప్రశ్నావళి తయారు చేశాను. నిద్ర, ఆకలి, విరేచనం, కోపం, తాతముత్తాతల జబ్బులు, ఏదీ వదలలేదు. వారానికి రెండుసార్లు బీపీ చూసేదాన్ని. విచిత్రమేమిటంటే అది దిగదు. గోలీలు వేసుకుంటున్నావా ఖాలా అంటే, "అయ్యో, నీ మాట కాదంటనా బిడ్డా?" అనేది. దాంతో నా అనుమానం ఆమె రోజూ అన్నంలో కలుపుకునే మామిడికాయ తొక్కు మీదకు పోయింది. ఉప్పు! ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటున్నా వినకుండా జాడీ ఎత్తుకొచ్చి మా ఇంట్లో పెట్టాను (బాపు దాన్ని నెలలో ఖాళీ చేశాడు, ఆయన బీపీ మాత్రం ఇంచు కదల్లేదు). అయినా ఖాలాది దిగలేదు. అప్పుడు నివేదికలో, బీపీ ఎందుకు దిగడంలేదో నాలుగు పేజీల కారణాలు రాశాను. వంశపారంపర్యం అన్నాను, మనోవేదన అన్నాను, ఎండలు కూడా కలిపాను.

మేడం వచ్చేముందు వారం రోజులు ఖాలాకు జవాబులు బట్టీ పట్టించాను. అది తప్పని తెలుసు. కానీ భయం అంతకంటే పెద్దది. పాపం ఆమె పొయ్యి దగ్గర కూడా వల్లెవేసుకునేది. ప్రశ్నలు కాదు, జవాబులు మాత్రం, వరసగా.

మేడం పొద్దుటి రైలుకు దిగింది. తెల్లచీర, నల్లసంచి. ఖాలా ఇంటి ముందు ఆడవాళ్లంతా పెళ్లికి వచ్చినట్టు చేరారు. నేను ప్రశ్నావళి తెరిచాను. మొదటి పేజీ బాగానే నడిచింది. రెండో పేజీ దగ్గర తొందరలో రెండు కాగితాలు కలిసి తిరిగి, మధ్యలో కొన్ని ప్రశ్నలు దాటిపోయాయి. నేను గమనించలేదు.

"రాత్రి నిద్ర ఎట్ల పడుతది ఖాలా?"

"పొద్దుగాల ఒక్కసారి, సాఫ్‌గ" అంది ఖాలా గర్వంగా.

వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను మేడంతో ఇంగ్లీషులో, నిద్ర బాగా పడుతుందట అని చెప్పాను.

"కోపం వస్తదా?"

"రెండు రొట్టెలు, జర పప్పు."

"ఇంట్లో ఇదివరకు ఎవరికన్న గుండె జబ్బు ఉండెనా?"

"ఎడమ దిక్కు పండుకుంటె వస్తది, కుడి దిక్కు రాదు."

వాకిలి మొత్తం ఘొల్లుమంది. ఒకావిడ నవ్వలేక అరుగు మీద కూలబడింది. మేడం నా చేతిలోంచి పదహారు పేజీలు తీసుకుని పక్కన పెట్టింది. నా చదువు అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆమె ఖాలా పక్కన నులకమంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, వచ్చీరాని హిందీలో, "గోలీ రోజ్ ఖాతా హై?" అంది, రోజూ వేసుకుంటున్నావా అని. అడిగి ఊరుకుంది. నేనైతే ఈపాటికి ఇంకో మూడు ప్రశ్నలు వేసేదాన్ని.

ఖాలాకు ఉర్దూ వినబడేసరికి ప్రాణం లేచి వచ్చింది. "రోజ్ కైసా ఖాతూం అమ్మా? ఏక్ రోజ్ మై, ఏక్ రోజ్ మేరీ ఛోటీ బహెన్!"

ఒక రోజు ఆమె, ఒక రోజు పక్క ఊరు కురవిలో ఉన్న ఆమె చెల్లెలు! చెల్లెలికి కూడా తనలాగే తల తిరుగుతోందట. అందుకని దవాఖానలో ఇచ్చిన గోలీలు ఇద్దరూ సమంగా పంచుకుంటున్నారు. ప్రతి శుక్రవారం బస్సులో పోయి ఇచ్చి వస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు ఖాలా?" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వు అడగలేదు గద బిడ్డా. తింటున్నవా అన్నవు. తింటనే ఉన్న. నువ్వు రాసుకుంట ఉంటివి, నడుమల మాట్లాడితె పరేషాన్ అయితవని ఊకున్న." తరువాత గొంతు తగ్గించి, "మరి నా తొక్కు జాడీ?" అంది.

అప్పుడు నవ్వింది మా మేడం. చిన్న నవ్వు కాదు, కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు ఒత్తుకునేంత నవ్వు.

ఆ మధ్యాహ్నమే బీపీ పెట్టె పట్టుకుని ముగ్గురం కురవి బస్సెక్కాం. చెల్లెలు వాకిట్లో మిరపకాయలు దంచుతోంది. రోకలి పక్కన పెట్టించి చూస్తే ఆమె బీపీ అక్కకంటే ఎక్కువ! ఖాలా నడుం మీద చేతులు పెట్టుకుని, "జూశినవా? మిషిని లేకుండనే నేను చెప్పిన" అంది. మరునాడే చెల్లెలిని దవాఖానకు రప్పించి, డాక్టరుతో విడిగా గోలీలు రాయించాను. మూడు వారాల్లో ఖాలా బీపీ బుద్ధిగా దిగింది. నాలుగు పేజీల కారణాలు కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాస్తే అరపేజీ అయింది. బట్టీ పట్టించినందుకు మేడం మార్కులు కోసింది. గట్టెక్కడానికి సరిపడా మాత్రం మిగిల్చింది.

తరువాత నేనూ ఆ చదువు చెప్పే పంతులమ్మనయ్యాను. ఎందరో పిల్లలకు నేర్పాను. కానీ నాకు పదేపదే గుర్తొచ్చేది ఆ సాయంత్రం కురవినుంచి తిరుగు బస్సు. ఒళ్లో పెట్టె చూసి కండక్టరు, "సిస్టరమ్మా, జర నాది గూడ చూడు" అన్నాడు. ఇక బస్సంతా చేతులు చాపింది. ఆ కుదుపుల్లో ఏమీ వినబడదని తెలిసినా ఒక్కొక్కరి నాడి పట్టి, మాటలు విని, రేపు దవాఖానకు రండని చెబుతూ సీట్ల మధ్య తూలుకుంటూ తిరిగాను, లోకానికంతటికీ నేనే వైద్యం చెయ్యాలన్నట్టు. మరునాడు కండక్టరుతో సహా ఎనిమిది మంది నిజంగానే వచ్చారు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి బస్సెక్కడమే కష్టంగా ఉంది. అయినా ఒక్కసారి ఆ బస్సులో, అప్పటి నేనైన ఆ పిల్ల పక్కన కూర్చోవాలనిపిస్తుంది. బుద్ధులేమీ చెప్పను. నా చెయ్యి కూడా చాపి, నాడి చూడమంటాను.