బిస్కెట్ల బట్టీలో హెడ్‌లైట్లు

మొన్న మా అమ్మాయి కొత్త కారు కొన్నది. అపార్ట్‌మెంటు కింద, గోడకు ఎదురుగా ఆపి లైట్లు వేయగానే గోడ మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత పడింది. గీతకు పైన చీకటి, కింద పట్టపగలు. ఎడమ పక్కన ఆ గీత చిన్న మెట్టులా పైకి లేచింది. అమ్మాయి టైర్ల కింద నిమ్మకాయలు పెడుతోంది. నేను కొబ్బరికాయ చేతిలో పట్టుకొని ఆ గోడనే చూస్తూ నిలబడిపోయాను. "ఏందమ్మా, ఎన్నడు లైటు సూడనట్టు సూస్తున్నవ్?" అంది. ఇట్లాంటి గీతను మీ నాన్నా నేనూ బేకరీలో తయారుచేశాం అంటే పకపకా నవ్వింది. నమ్మకపోతే రాసి చూపిస్తానన్నాను. నేను చదివింది ఐదో తరగతి. సరుకుల చీటీ తప్ప ఇంతవరకు ఏమీ రాయలేదు. తప్పులుంటే మీరే సర్దుకొని చదువుకోండి.

అప్పుడు మేం సికింద్రాబాదు మెట్టుగూడలో ఉండేవాళ్ళం. నేను అక్కడే పుట్టాను, మా ఆయనది విజయనగరం వైపు. బండ్లకు కరెంటు పని చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన మాట నాకూ, నా మాట ఆయనకూ సగమే అర్థమయ్యేది, అందుకని కొట్లాటలు కూడా సగమే అయ్యేవి. హైటెక్ సిటీలో ఆఫీసుల మీద ఆఫీసులు లేస్తున్న రోజులవి. రాత్రి డ్యూటీ పిల్లలను తీసుకెళ్ళే కార్లకు గిరాకీ పెరిగింది. మా ఆయన ఒక పాత తెల్ల కారు కొని కాంట్రాక్టరు దగ్గర పెట్టాడు. అల్వాల్ వైపు పిల్లలను ఎక్కించుకొని పోయేవాడు. అంతా బాగానే ఉంది కానీ ఆ కారు లైట్లు చిమ్నీ దీపాలు. వెలుతురు రోడ్డు మీదకు పోకుండా బండి ముందే కూర్చునేది. ఒకసారి వానలో, రోడ్డు మీద పడుకున్న బర్రె ఆఖరి నిమిషంలో కనబడింది. బండి ఆగింది, బర్రె లేవను కూడా లేవలేదు. వెనక కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం ఆ రోజు నుంచి కార్లో నిద్రపోవడం మానేసింది. ముందు సీటు గట్టిగా పట్టుకొని దారంతా కళ్ళు పెద్దవి చేసుకొని చూస్తూ కూర్చునేదట. అద్దంలో ఆ పిల్ల కళ్ళు కనబడితే మా ఆయనకు ఇంటికొచ్చినా అన్నం దిగేది కాదు. ఈలోగా కాంట్రాక్టరు కూడా, "సోమారం లోపట లైట్లు సక్కగ చేయించు భాయ్, లేకుంటే నీ బండి నాకొద్దు" అన్నాడు.

మా ఆయన రాణిగంజ్‌లో బండ్ల సామాన్ల దుకాణాలన్నీ తిరిగి తిరిగి ఒక జత ప్రొజెక్టర్లు, అంటే వెలుతురును దూరం కొట్టే లైట్లు, తెచ్చాడు. ముందు గుండ్రటి గాజు, వెనక ఇత్తడి గిన్నెలాంటి డబ్బా, మధ్యలో వెలుతురును పైకి పోనివ్వకుండా గీత గీసినట్టు ఆపే చిన్న రేకు. చూస్తే పెద్ద చేప కన్నులా ఉంది. దాన్ని పాత హెడ్‌లైటు లోపల బిగించాలి. చిక్కంతా అక్కడే. హెడ్‌లైటు అద్దాన్ని నల్లటి బంకతో అంటిస్తారు, వేడి తగిలితేనే అది మెత్తబడి అద్దం ఊడుతుంది. ఆయన గ్యాసు పొయ్యి మీద కాచబోతే ఒక మూల కరిగి, బండికి బిగించే చెవి ఒకటి విరిగింది. "ఇంకోటి ఇరిగితే బండి గుడ్డిదైపోద్ది. ఏటి సేస్తామే ఇప్పుడు?" అని తల పట్టుకొని కూర్చున్నాడు. మంట ఒక్క దిక్కు తగిలితే రొట్టె కూడా మాడుతుంది కదా అనుకున్నాను. అప్పుడు నాకు బేకరీ గుర్తొచ్చింది.

మా సికింద్రాబాదులో పండుగలకు ఇంట్లోనే పిండి కలిపి, రేకు పళ్ళేల్లో బిస్కెట్లు పేర్చి బేకరీకి తీసుకుపోతాం. వాళ్ళ రొట్టెలు దిగాక బట్టీలో మిగిలిన వేడికి మన బిస్కెట్లు కాల్చి ఇస్తారు. అవి క్రిస్మస్ ముందు రోజులు, ఆదివారం మధ్యాహ్నం లైను వాకిలి దాటి ఉంది. అందరి చేతుల్లో కేకులు, బిస్కెట్లు. నా పళ్ళెంలో రెండు హెడ్‌లైట్లు. బట్టీ దగ్గరుండే చాచా పళ్ళెం మీది గుడ్డ ఎత్తి చూసి, "యా అల్లా! గివి మెత్తగ కావాల్నా, కరకరలాడాల్నా అమ్మా?" అన్నాడు. లైనంతా గొల్లుమంది. నేను సిగ్గుపడలేదు. బట్టీ నేల మీద చిటికెడు మైదా చల్లమన్నాను. బిస్కెట్లకైతే పిండి మెల్లగా ఎర్రబడాలి. నాకు అసలు రంగే మారని వేడి కావాలి. రెండుసార్లు చల్లి, ఆగి, మూడోసారి పిండి తెల్లగానే ఉన్నప్పుడు పెట్టించాను. కాసేపటికి తీస్తే అద్దం పొట్టు వలిచినట్టు ఊడొచ్చింది. అక్కడే బల్ల మీద మా ఆయన ప్రొజెక్టర్లు బిగించాడు, బంక చల్లారకముందే అద్దాలు నొక్కేశాడు.

పొద్దుగూకుతుండగా మా గల్లీలో కారుకు పెట్టి స్విచ్చి వేశాం. ఒక లైటు బుద్ధిగా రోడ్డు చూసింది. రెండోది నేరుగా ఎదురింటి మేడ మీద ఆరేసిన లంగాల మీద పడింది. "ఎవల్రా మా బట్టల మీద లైటు కొడుతున్నది?" అని పై నుంచి ఎదురింటామె అరుపు. పళ్ళెంలో తిరగేసి పెట్టిన హెడ్‌లైటును అదే సరైన వైపనుకొని, తొందరలో ఒక ప్రొజెక్టరును తలకిందులుగా బిగించాం. మళ్ళీ ఊడదీయాలి. మర్నాడే సోమవారం.

మర్నాడు లైను ఇంకా పెద్దది. సాయంత్రం డ్యూటీకి బండి పోవాలి, నా వంతు వచ్చేసరికి చీకటి పడేటట్టుంది. చాచా దూరం నుంచే, "ఏందమ్మా, నిన్న సగమే ఉడికిందా?" అని కేకేశాడు. లైనులో అందరికన్నా ముందు ఒక ముసలామె కేకు గిన్నెతో నిలబడి ఉంది. సంగతేందని అడిగింది. చెప్పాను. బర్రె సంగతీ, నిద్రపోని అమ్మాయి సంగతీ. ఆమె గిన్నె పక్కన పెట్టి, "నా కేకు పండుగకు కదా బిడ్డా, నీది ఇయ్యాల్టికి. పో, ముందు పెట్టుకో" అంది. వెనక ఒక్కరు కూడా కాదనలేదు. బట్టీ మూత తీసినప్పుడు లోపల ఏలకుల వాసనలో నా ఒక్క లైటు కూర్చొని ఉంది. ఈసారి పై వైపుకు నేనే బొట్టు బిళ్ళ అంటించి ఇచ్చాను. గల్లీలో స్విచ్చి వేస్తే రెండు గీతలూ కలిసి ఒక్కటయ్యాయి. మేడ మీద చీకటి. మా ఆయన అట్లే కారెక్కి డ్యూటీకి పోయాడు.

తెల్లారి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే వంటింట్లోకొచ్చి, "ఆ పిల్ల పడుకుందే. ఎక్కింది మొదలు ఆపీసు దాకా నోరు తెరుసుకొని పడుకుంది" అన్నాడు. ఇంట్లో మిగిలిన బిస్కెట్లన్నీ ఆయనకే పెట్టాను.

మొన్న కొత్త కారు ముందు ఆయన కూడా నిలబడ్డాడు. కళ్ళజోడు సర్దుకొని, వంగి గోడ కేసి చూసి, "కుడిది పిసరు కిందకుందే" అన్నాడు. ఇప్పుడా గీత ఫ్యాక్టరీలోనే పుట్టి వస్తోంది, దాని కోసం ఎవరూ లైనులో నిలబడరు. అప్పుడు కార్లో నిద్రపోయిన ఆ పిల్లకు ఇప్పుడు నిద్రపోని పిల్లలు ఉండే వయసు. కాలం నా చేతుల మీదుగా ఎట్లా పోయిందో తెలియదు కానీ, అందులో ఒక రాత్రికి వెలుతురు మాత్రం మా చేతులతో పెట్టిందే.