శబ్దం లేకుండా చూసిన బతుకమ్మ

మార్కండేయకు ఒక జబ్బు ఉంది. ఎవరేం చెప్పినా "నీకెట్ల తెలుసు?" అని అడుగుతాడు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో సూరత్ వచ్చి, లింబాయత్ సందుల్లో ముప్పై ఏళ్లుగా కరెంటు మగ్గాలు నడుపుతున్నాడు. వాళ్ల భాషలో వాటిని సాంచలంటారు. చదివింది ఏడో తరగతే. సాంచల మోతలో మాట్లాడే వీలుండదు కాబట్టి షిఫ్టంతా ఆలోచించి, టీ తాగే పది నిమిషాల్లో ఆ ఆలోచనంతా ఎవరో ఒకరి మీద కుమ్మరిస్తాడు. కాలం ఎందుకు చెడిపోయిందో ఫోన్లో చూసి చెప్పేవాళ్లు అతను కనిపించగానే గ్లాసు పట్టుకుని పక్క బల్లకు జరుగుతారు. "వకీల్ సాబ్ వస్తుండు, నోరు మూసుకోండ్రి" అని నవ్వుకుంటారు.

అంతటి మనిషి, సొంత బిడ్డ దగ్గరకొచ్చేసరికి ఒక్క ప్రశ్నా అడగలేదు.

కరుణకు ఇరవై ఏళ్లు. సూరత్‌లోనే పుట్టింది. బతుకమ్మ, గర్బా రెండూ ఒకే రోజుల్లో వస్తాయి కాబట్టి రెండూ ఆడుతూ పెరిగింది. ఈసారి పదిమంది ఆడపిల్లల్ని పోగేసి, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మధ్యలో గర్బాలోలాగా గిర్రున తిరిగే అడుగు ఒకటి కలిపింది. ఎవరో వీడియో తీసి పద్మశాలి సంఘం గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నానికల్లా అది ప్రతి సాంచల షెడ్డుకూ చేరింది. "బతుకమ్మను గర్బా చేసిన్రు. రేపు మనం ఎవలమో మన పిల్లలకే తెల్వది" అని కింద రాతలు. మార్కండేయ కూడా రెండు సాంచల మధ్య నిలబడి చూశాడు. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా "నా పరువు తీసినవ్" అని అరిచాడు. కరుణ లేచి లోపలికి వెళ్లిపోయింది.

సంఘం అధ్యక్షుడు దశరథం ఆదివారం మీటింగు పెట్టాడు. కరుణ మైకులో క్షమాపణ చెప్పాలి, లేకపోతే పండుగ చివరి రోజు, సద్దుల నాడు ఆ పిల్లలెవరూ గ్రౌండులో బతుకమ్మ పెట్టడానికి వీల్లేదు.

"నేను చెప్ప బాపూ. మళ్లా ఎన్నడూ మీ బతుకమ్మకు రాను" అంది కరుణ.

మీ బతుకమ్మ! ఆ మాటే మార్కండేయ మనసులో తిరిగింది. బిడ్డ సంఘానికి దూరమైతే తనకూ సగం దూరమైనట్టే. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. అప్పుడు గానీ పాత జబ్బు తిరగబెట్టలేదు.

మీటింగులో లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా, ఒక్కటే అడుగుత. ఏం మారితే బతుకమ్మ మనది కాకుండ పోతది?"

"షురువైంది" అన్నారు వెనక నుంచి.

"మన తాతలు ఎట్ల చేసిన్రో గట్లనే చెయ్యాలె" అన్నాడు దశరథం.

"మరి తంగేడు పువ్వు ఏది? ముప్పై ఏండ్ల సంది బంతిపూలతోనే పేరుస్తున్నం. తాతలు చేతి మగ్గం నేసిన్రు, మనం సాంచ నడుపుతున్నం. మనం శాలోళ్లం కాకుండ పోయినమా?"

దశరథం తెలివితక్కువవాడేం కాదు. "గట్లయితే అన్నీ మారొచ్చు. రేపు బతుకమ్మ లేకుండ ఒట్టి గర్బా ఆడి, ఇదే మా పండుగ అంటరు. ఒప్పుకుంటవా?"

మార్కండేయ తల గోక్కున్నాడు. ఆ మాటలో నిజముంది. "ఒప్పుకోను. గందుకే అడుగుతున్న. ఏది పోతే అంతా పోయినట్టు? నువ్వే చెప్పు."

దశరథానికి కోపం తగ్గి, ముఖంలో ఏదో జ్ఞాపకం మెదిలింది. "పాట" అన్నాడు. "పువ్వులు మారనీ, చీరలు మారనీ. మా అవ్వ పాడిన పాట పోతే మాత్రం పోయినట్టే."

ఆడవాళ్ల వరసలోంచి ముసలి వజ్రమ్మ కర్ర పట్టుకుని లేచింది. "గా వీడియోల ఏం పాట పాడుతున్నరు, దశరథం?"

దశరథం పక్కవాళ్ల వైపు చూశాడు. ఎవరికీ తెలియదు. అందరూ షెడ్లలోనే చూశారు. సాంచలు నడుస్తుంటే చెవి దగ్గర అరిచినా వినిపించదు, ఇక ఫోనులో పాటేం వినిపిస్తుంది? కాళ్లు చూశారు, గిర్రున తిరగడం చూశారు, తీర్పు చెప్పేశారు.

ఆదివారం సాంచలన్నీ బంద్. ఫోను మైకు దగ్గర పెట్టారు. పదిమంది పిల్లల గొంతులు ఉయ్యాలో అంటూ, నేతగాళ్ల ఇంటి కోడలు నూలు వడికే పాట అందుకున్నాయి. హాల్లో సగం మందికి అది ఎప్పుడో మరిచిపోయిన పాట.

"మా అవ్వ నేర్పిన పాట" అంది వజ్రమ్మ. "ఇరవై రోజులు నా ఇంటికొచ్చి నేర్చుకున్నరు పిల్లలు. మీ ఆడోళ్లల్ల ఒక్కలకన్న వస్తదా?"

దశరథం కళ్లు తుడుచుకుని, "ముందే చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడిన కరుణ "అడిగితే చెప్పేదాన్ని పెద్దబాపూ" అంది. ఎవరో పకాలున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. మైకు, క్షమాపణ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మార్కండేయకు మూడు రోజుల తర్వాత నిండుగా ఊపిరాడింది.

తిరిగొస్తుంటే దారిలో కరుణ అడిగింది. "ఊరందరినీ అడుగుతవ్. నన్నెందుకు అడగలే?"

"భయమైంది బిడ్డా. భయమైతే ప్రశ్న రాదు, తిట్టు వస్తది."

"అయితే గిప్పుడడుగు."

"గా గిర్రున తిరిగేది ఎందుకు పెట్టినవ్?"

"సరదాకు బాపూ."

మార్కండేయకు దానిమీద ఇంకో ప్రశ్న తోచలేదు. షేర్ ఆటోను ఆపి, సద్దులకు బంతిపూలు ఎన్ని కిలోలు తేవాలో బిడ్డను చెప్పమన్నాడు.