వెళ్ళినట్టే చూపించింది

నందిగామలో పురుగుమందుల షాపు పై అంతస్తులో మా ఆఫీసు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. మూడు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు, కింద నుంచి మెట్లెక్కి వచ్చే మందు వాసన. ఆ వాసనకి కొత్తలో తల తిరిగేది. ఇప్పుడు ఆదివారం ఇంట్లో ఉంటే అది లేక ఏదో వెలితిగా ఉంటుంది. రోజూ జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వెళ్ళడం, అక్కడ కూర్చుని జనం ఫోన్లు మోగించడం, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి ఇంటికి రావడం. ఇదే నా ఉద్యోగం. స్కూళ్ళకి యాప్‌లు చేస్తాం, బట్టల కొట్లకి చేస్తాం, ఫంక్షన్ హాళ్ళకి చేస్తాం. ఎవరికి చేసినా వాళ్ళడిగేది మాత్రం ఒకటే. "మెసేజీ టింగుమని రావాలండి."

ఆ టింగు వెనక ఎంత తతంగముందో అడిగినవాళ్ళకి తెలియదు, చెబితే వినే ఓపికా ఉండదు. మా సర్వర్ నేరుగా ఎవరి ఫోనుకీ ఏమీ పంపలేదు. మధ్యలో పెద్ద కంపెనీల సర్వర్లుంటాయి. ఒక్కో ఫోనులో ఉన్న ఒక్కో యాప్‌కి వాళ్ళొక పొడుగాటి గుర్తు ఇస్తారు, దాన్ని టోకెన్ అంటాం. మేము ఆ టోకెన్లన్నీ దాచుకుని, ఫలానా మాట ఫలానా టోకెన్‌కి అని వాళ్ళ చేతిలో పెడతాం. వాళ్ళు తీసుకున్నామంటారు. మా తెర మీద "సక్సెస్" అని పచ్చగా పడుతుంది. బస్సులో పార్సిల్ వేయడం లాంటిదే ఇది. కౌంటర్లో రసీదు ఇచ్చారంటే పార్సిల్ తీసుకున్నారని అర్థం, మైలవరంలో మీ చుట్టం చేతికి అందిందని కాదు. ఈ తేడా మొదట్లో అందరికీ ఓపిగ్గా చెప్పేవాణ్ణి. కొన్నేళ్ళకి నోరు నొప్పెట్టి మానేశాను. పచ్చగా పడిందా, చేతులు దులుపుకున్నామా, అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మేము చేసిన ప్రతి యాప్ నా ఫోనులోనూ ఉండాలి, సరిగ్గా వెళ్తోందో లేదో చూసుకోవడానికి. ఒకటో తరగతి పిల్లలకి డ్రాయింగ్ పోటీ అన్నా నాకే, చీరలు సగం ధర అన్నా నాకే, ఫలానా హాలు ఫలానా రోజు ఖాళీ అన్నా నాకే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఫోను ఒకటే మోత. బొటనవేలితో అన్నింటినీ కలిపి ఒక్క తోపు తోసేయడం అలవాటైపోయింది. ఊరందరి చేతా నోటిఫికేషన్లు చదివించే నేను ఒక్కటీ చదవను. దీపం కింద చీకటని పెద్దలు ఊరికే అనలేదు.

మసీదు యాప్ నేను నా ఇష్టంతో చేసిన ఒకే ఒక్క యాప్. కమిటీ పెద్దాయన రిటైరైన లెక్కల మేష్టారు. నాకూ చెప్పారు, లెక్కలు రాలేదు, అది వేరే సంగతి. మావాళ్ళలో మనిషి పోతే ఆలస్యం ఉండదు. పొద్దున పోతే మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే జనాజా లేస్తుంది, శ్మశానానికి తీసుకెళ్ళి మట్టి ఇచ్చేస్తారు. అందుకని కబురు అందడం అన్నిటికంటే ముఖ్యం. పాతరోజుల్లో పోయినవాళ్ళ ఇంటి ముందు అరుగు మీద నలుగురు కూర్చుని ఊళ్ళు పంచుకునేవారు. మైలవరం వాళ్ళకి నువ్వు, పరిటాల వాళ్ళకి నువ్వు, ముక్త్యాల నేను చూసుకుంటా అని. ఒక్కో ఇల్లూ ఒక్కో మనిషి బాధ్యత. వెళ్ళినవాడు తిరిగొచ్చి "చెప్పా, బయల్దేరారు" అనేదాకా ఆ పేరు వదిలేవారు కాదు. ముక్త్యాల ఫ్యాక్టరీ నుంచి సిమెంటు లోడు తోలే డ్రైవరు కాబట్టి మా నాన్నకి ఈ పని ఎక్కువగా పడేది. సెల్‌ఫోన్లొచ్చాక కూడా ఆ పంపకం పోలేదు. మనుషులు వెళ్ళే బదులు ఫోను చేసేవాళ్ళు, అంతే.

ఆ పంపకాన్ని నా యాప్ మాన్పించింది. మేష్టారు పేరు, ఇల్లు, జనాజా ఎన్నింటికో టైపు చేసి నొక్కితే పేట నుంచి నందిగామ దాకా మావాళ్ళందరి ఫోన్లూ మోగేవి. మొదటిసారి అలా మోగిన రోజు శుక్రవారం మసీదులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "మంచి పని చేశావయ్యా" అన్నారు మేష్టారు. ఆ మాట విన్న నాన్న ఇంటికొచ్చేదాకా నా భుజం మీద చెయ్యి తీయలేదు. నిజం చెప్పాలంటే, చదువయ్యాక ఆయన నన్ను చూసి గర్వపడ్డది ఆ ఒక్కరోజే.

నాన్న ఫోనులో ఆ యాప్ నేనే పెట్టాను. ఆయన దాన్ని ఎన్నడూ తెరవలేదు. టింగుమనగానే కళ్ళజోడు వెతుక్కుని, తెర మీద పడ్డ రెండు లైన్లూ చదివి, దువా చేసుకుని, పక్కకి తోసేవాడు.

"లోపలికెళ్ళి చూడొచ్చుగా నాన్నా, అడ్రసూ అదీ అంతా ఉంటది," అన్నాను ఒకసారి.

"లోపల ఏముంటాయిరా? పోయినోళ్ళ పేర్లేగా వరసగా. పనిగట్టుకుని అది తెరిచి చూసేదెవడు?" అన్నాడు.

పోయిన చలికాలంలో అనుకుంటాను, అన్నం తింటూ "ఈ మధ్య మనోళ్ళంతా కులాసాగానే ఉన్నట్టున్నారు. ఎవురూ పోవట్లా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఎంత తేలికదనమో. నేను ఊఁ అని పప్పు కలుపుకున్నాను. ఆ నెలలో ఇద్దరు పోయారని తర్వాతెప్పుడో తెలిసింది. నేను నా ఫోను చదవను కదా.

నాన్నకి చుట్టాలు చాలామంది ఉన్నారు గానీ స్నేహితుడు ఒక్కడే. నందిగామ బాబాయి. ఇద్దరూ నలభై ఏళ్ళు ఒకే లారీ మీద పనిచేశారు. ఒకాయన తోలుతుంటే ఒకాయన నిద్రపోయేవాడు. మా అమ్మ పక్కన కంటే ఆయన పక్కనే ఎక్కువ బతికానని నాన్నే అనేవాడు. చిన్నప్పుడు నా సున్తీ రోజున నన్ను ఒళ్ళో కదలకుండా పట్టుకున్నది బాబాయేనట. అప్పుడు కొరికిన గాటు ఇదిగో అని ఆయన ముంజేయి పదిమందికీ చూపించి నన్ను ఏడిపించేవాడు. ఆయన ఇల్లు మా ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దూరం. రోజూ ఆ సందు ముందు నుంచే వెళ్తూ, ఏడాదికి రెండుసార్లు కూడా లోపలికి తొంగిచూడలేదు.

ఆ సోమవారం ఆఫీసులో పొద్దున్నే గొడవ మొదలైంది. ఒక స్కూలువాళ్ళు చిన్న తరగతులకి మాత్రమే పంపాల్సిన "నేడు సెలవు" అన్న మెసేజీ మొత్తం స్కూలుకి పంపేశారు. సగం దారిలో ఉన్న ఆటోలు వెనక్కి తిరిగాయి. పరీక్ష రాయాల్సిన పదో తరగతి వాళ్ళు ఇంట్లో కూర్చున్నారు. మేము సవరణ పంపితే, గోరుచుట్టు మీద రోకటిపోటులా అది రెండుసార్లు వెళ్ళింది. ఏది నమ్మాలని తల్లిదండ్రులు, ఎవడు చేశాడని ప్రిన్సిపాలు, ఎందుకిలా అయిందని మా ఓనరు. పక్కన నా ఫోను మోగుతూనే ఉంది. మధ్యలో రెండు మూడుసార్లు బొటనవేలితో అంతా తోసేశాను. మధ్యాహ్నం క్యారేజీ కూడా విప్పలేదు.

మర్నాడు మెట్లెక్కబోతుంటే కింద పురుగుమందుల షాపాయన పిలిచాడు.

"నిన్న మీ నాన్నగారు కనబళ్ళేదేంటండి? ఒంట్లో బాగానే ఉందా?"

"ఎక్కడండి?" అన్నాను.

ఆయన నా మొహం కేసి వింతగా చూశాడు. "ఎక్కడంటారేంటండీ... మీ నాన్నగారి జోడీ డ్రైవరు పోయాడు కదా నిన్న పొద్దున్న. మజ్జానం తీస్కెళ్ళిపోయారు. మా షాపు ముందు నుంచే. నేనూ షట్టరు సగం దించి కాసేపు నడిచా."

మా షాపు ముందు నుంచే అంటే మా కిటికీ కింద నుంచే. ఏసీ వేసుకుని, తలుపులు మూసుకుని, ఒక సెలవు మెసేజీ గురించి అరుచుకుంటున్నాం మేమప్పుడు.

పైకెళ్ళి సర్వర్ తెరిచి చూశాను. మేష్టారు పొద్దున్నే పంపారు. నాన్న టోకెన్ పక్కన సక్సెస్. నా టోకెన్ పక్కనా సక్సెస్. రెండూ ఒకేలా పచ్చగా ఉన్నాయి. నా ఫోనులో పాత నోటిఫికేషన్లు చూసే చోటుకి వెళ్తే అక్కడుంది, చీరల మెసేజీకీ సెలవు మెసేజీకీ మధ్యలో, బాబాయి పేరు. అది నేను తోసేసినవాటిలో ఒకటి.

ఓనరుకి చెప్పకుండా బస్సెక్కాను. ఇంటికెళ్ళేసరికి నాన్న మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. చెప్పే ధైర్యం చాలక ముందు ఆయన ఫోను తీసుకున్నాను. నెలల తరబడి తెరవని యాప్‌ని ఫోను తనంతట తానే నిద్రపుచ్చుతుంది, బ్యాటరీ మిగుల్తుందని. నోటిఫికేషన్లకిచ్చిన అనుమతి కూడా తీసేస్తుంది. ఇది నా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే. మసీదు యాప్ వాడనివాటి వరసలో ఉంది. నాన్న తెరవలేదని ఫోను ఆపేసింది. చావు కబుర్లుంటాయని నాన్న తెరవలేదు. ఇందులో ఆయన తప్పేముంది? ఇలా అవుతుందని తెలిసినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే.

"ఏంట్రా దాంట్లో వెతుకుతున్నావ్? ఈ టైముకి వచ్చావేంటసలు?"

"నాన్నా, నందిగామ బాబాయి పోయాడు."

లేవబోయాడు. ఒక చెయ్యి అప్పటికే చొక్కా కోసం కొక్కెం వైపు వెళ్ళింది. "ఎప్పుడు? జొహర్‌కా, అసర్‌కా? బస్సుందా ఇప్పుడు?"

"నిన్న, నాన్నా. మట్టి కూడా ఇచ్చేశారు."

ఆ చెయ్యి అలాగే ఆగింది. "నిన్న నువ్వు నందిగామలోనే ఉన్నావుగా," అన్నాడు. తిట్టినట్టు కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అన్నాడు. ఉన్నానని చెప్పాను. ఫోను మోగిందనీ, చదవకుండా తోసేశాననీ చెప్పాను. ఆయన టీవీ ఆపి, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ చేసుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

పోయినవాళ్ళ కోసం మూడోనాడు చేసే జియారత్‌కి ఇద్దరం వెళ్ళాం. వాకిట్లో పట్టాలు పరిచి ఉన్నాయి. బాబాయి పెద్దకొడుకు నాన్న చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"మీ కోసం చూశాం పెదనాన్నా. నాన్న మొహం మీకు చూపించాకే ఎత్తుదామని జనాజా కాసేపు ఆపాం కూడా. యాప్‌లో వెళ్ళింది కదా, దారిలో ఉండుంటారనుకున్నాం."

ఎవరూ ఫోను చేయలేదు. చేయాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు, యాప్ ఉందిగా. నాన్న వైపు చూశాను. మావాడి యాప్‌లో కబురు రాలేదురా అంటాడని తలొంచుకుని సిద్ధంగా ఉన్నాను.

"వచ్చిందిరా. ఫోను మోగింది, చూశా," అన్నాడు నాన్న. "మోకాళ్ళు లేవనియ్యలా. రాలేకపోయా."

తెలిసీ ఇంట్లో కూర్చున్నాడా అన్నట్టు ఒకరిద్దరు ఆయన కాళ్ళ కేసి చూశారు. గుమ్మానికి కట్టిన పరదా వెనక నుంచి పిన్ని గొంతు వచ్చింది.

"ఒక్క ఫోనన్నా చెయ్యకపోయావా బావా?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. అయినా నోరు తెరవలేదు. పిరికితనం, ఇంకేమీ కాదు.

తిరిగొచ్చే బస్సులో అడిగాను, ఎందుకలా అన్నావని.

"నేను రాలేదన్నది నిజమేగా. ఎందుకు రాలేదో చెప్తే వాడు లేచొస్తాడా?" కిటికీలోంచి చూస్తూనే అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు ఆ పనే చేసుకు బతకాలి గదరా," అన్నాడు. బస్సులో అందరి ముందూ ఏడవలేక కండక్టరుని చిల్లర అడిగాను. నాకు రావాల్సిన చిల్లరేమీ లేదు.

శుక్రవారం నమాజయ్యాక మేష్టారి దగ్గరికి వెళ్ళాను. యాప్ ఉంచుదాం గానీ, పాతరోజుల్లోలా ఇళ్ళు పంచుకుని ఎవరి వంతు వాళ్ళు ఫోన్లు కూడా చేయాలండి అన్నాను. చాలామంది ఫోన్లలో యాప్ నిద్రపోయి ఉండొచ్చు, మనకి పచ్చగా కనపడుతుందిగానీ వాళ్ళకి వెళ్ళదు అని అంతా విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"మళ్ళీ ఆ తిరుగుడెందుకయ్యా?" అన్నారు. "నిజానికి మీ నాన్న రాకపోయేసరికి నాకూ అనుమానం వచ్చింది, యాప్‌లో ఏదో తేడా ఉందని. మొన్న జియారత్‌లో ఆయనే చెప్పాడుగా, ఫోను మోగింది, చూశా అని. నలభై ఏళ్ళ స్నేహితుడి ఇంట్లో కూచుని అబద్ధం చెప్తాడా? నీ యాప్ భేషుగ్గా ఉంది."

అని లేవబోయారు. ఇలాగే యాప్‌ని నమ్మి, రేపు ఇంకెవరి కోసమో జనాజా ఆపుకుని కూర్చుంటారు. ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాను.

"అబద్ధమేనండి. నా కోసం చెప్పాడు," అన్నాను.