మావ నూనె వేసిన మీటరు

పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ మరమ్మతు గదికి కొత్తగా వచ్చిన అమ్మాయి మొన్న తన సంచిలోంచి పసుపుపచ్చ డిజిటల్ మల్టీమీటరు తీసి నా బల్ల మీద పెట్టింది. సోంపేట దగ్గర వాళ్ల కొబ్బరి తోటలో నేల తడి చూసి మోటారు ఆపే చిన్న సర్క్యూటు ఒకటి సరదాకి చేసుకుంటోందట. "అన్నయ్యా, సౌకగా వొచ్చిందని కొనీసినాను. సరిపోద్దా ఇది?" అంది. దీనికి నా దగ్గర జవాబు వరసగా సిద్ధంగా ఉంటుంది. ఒకటి, లోపలి బ్యాటరీ నీరసిస్తే ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ముందే మార్చాలి. రెండు, దేన్నయినా కొలిచే ముందు కొత్త టార్చి సెల్లు మీద పెట్టి చూసుకోవాలి. మూడు, ఇంటి కరెంటు జోలికి దీన్ని తీసుకెళ్లకూడదు. అంతవరకూ చెప్పి ఊరుకోవలసింది. కానీ చెయ్యి ఊరుకోలేదు. మీటరు మధ్యనున్న నల్లటి మీట తిప్పి చూశాను. బిర్రుగా తిరిగింది. మావ చూస్తే దీని పని పట్టేవాడు అనుకున్నాను.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. వాళ్ల ఊరు మూలపేట పక్కన, సముద్రం చప్పుడు వంటింట్లోకి వినబడే చోట. ఉప్పు గాలికి అక్కడ ఇనుము బతకదు. అందుకని వానలు మొదలయ్యేసరికి మావ ఒక చిన్న సీసాలో కొబ్బరినూనె, ఒక కోడి ఈక పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు. గడియలు, తాళాలు, సైకిలు గొలుసు, కత్తిపీట మడత, అత్త కుట్టుమిషను, ఆఖరికి గొడుగు కడ్డీలు. ఆ రోజుల్లో వాళ్లింటి తలుపులు చప్పుడు చేసేవి కావు. ఎవరు లోపలికొచ్చారో వాసనని బట్టి తెలుసుకోవాలి. టెక్కలిలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు సెలవు దొరికితే నేను అక్కడికే పోయేవాణ్ని. నేను సరదాగా నేర్చుకున్న ఎలక్ట్రానిక్సంతా ఆ అరుగు మీదే. నా చేతిలోనూ ఇలాంటి పసుపు మీటరే. గోడ గడియారం సెల్లు, రిమోటు సెల్లు, మోటారు సైకిలు బ్యాటరీ, రెండు మేకులు గుచ్చిన నిమ్మకాయ, ఏదీ వదిలేవాణ్ని కాదు. "దొరికినదానికల్లా నాడి సూత్తావేటిరా, ఆ కొబ్బరికాయలు పీసు తియ్యరాదూ," అనేది అత్త. ఒకసారి ఆ మీటరు వాళ్లింట్లోనే మరిచి వచ్చేశాను.

తరవాత వెళ్లినప్పటి సంగతి ఇది. బావ, అంటే మావ పెద్ద కొడుకు, మర్నాడు తెల్లవారకముందే పడవ తీయాలి. చందువా చేపలు పడుతున్నాయని తీరమంతా ఒకటే హడావుడి. పడవలో దీపానికీ, వైర్‌లెస్‌కీ ఆధారం ఒకే బ్యాటరీ. కిందటి వేటలో దీపం మసకబారిందని బావే నోరు జారాడు. మూలపేటలో పోర్టు పనులు మొదలయ్యాక ఆ వైపు పెద్ద పడవల తిరుగుడు ఎక్కువైంది, చీకట్లో దీపం లేని చిన్న పడవ వాటికి కనబడదని అత్త భయం. కొత్త బ్యాటరీకి టెక్కలి వెళ్లాలంటే రేపటి వేట పోతుంది. మావ బ్యాటరీ మోసుకొచ్చి అరుగు మీద నా ముందు దించాడు.

"నువ్వు ఎల్లమంటే ఎల్తాడు. వొద్దంటే ఆగిపోతాడు," అన్నాడు.

"ఆడేటి సెప్తాడు నాన్నా, ఆడు నిమ్మకాయలకి సూత్తాడు," అన్నాడు బావ, వల సర్దుతూనే.

మీటరు తీగల మొనలు బ్యాటరీకి ఆనించాను. పన్నెండున్నర వోల్టులు. చెయ్యి కదిపితే పదకొండు. మళ్లీ పెడితే పద్నాలుగు. అంకెలు గంగిరెద్దులా తలాడిస్తున్నాయి. అత్త గుమ్మంలో నిలబడి బ్యాటరీని కాదు, నా మొహాన్ని చూస్తోంది. కొత్త టార్చి సెల్లు తెప్పించి దాని మీద పెట్టాను. అదీ అలాగే ఆడింది. అంటే తేడా మీటరులోనే ఉంది. సౌక సరుకు కదా అని బావ నవ్వాడు. వెనక స్క్రూలు విప్పాను. లోపల మీట కింద రాగి గీతల మీద నూనె, దాన్నిండా సన్నటి ఇసుక, కమ్మటి కొబ్బరి వాసన.

"బిర్రుగా తిరుగుతంటే రెండు సుక్కలేసినాను," అన్నాడు మావ, మెప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు.

గుడ్డకి పెట్రోలు అద్ది ఒక్కో గీతా తుడిచాను. మూశాక మళ్లీ సెల్లు మీద పెడితే అంకె కుదురుగా నిలబడింది. ఇప్పుడు బ్యాటరీ. ఖాళీగా ఉన్నప్పుడు పన్నెండున్నర, చూడ్డానికి ముచ్చటగా ఉంది. పడవ దీపం తగిలించాను. అంకె నా కళ్ల ముందే మెట్లు దిగి పది కిందికి జారింది, అంటే బరువు పడితే బ్యాటరీ నిలవలేకపోతోంది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"ఎలుగుతోంది కదా," అన్నాడు బావ.

"వద్దు బావా," అన్నాను.

మర్నాడు వెళ్లిన పడవలన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి. నిండుగా వచ్చాయి. ఒడ్డున చందువాలు మెరుస్తుంటే బావ నా పక్కన కూర్చుని, "నీ మీటరుకి సేపలు కనబడవేట్రా?" అన్నాడు. కొత్త బ్యాటరీ తెచ్చుకున్నాడు. పాతదాన్ని మావ పశువుల పాకలో చిన్న దీపానికి పెట్టాడు. అది శుభ్రంగా వెలిగింది. నేనెప్పుడు వెళ్లినా బావ ముందు పాకలోకి తీసుకెళ్లి ఆ దీపం చూపించేవాడు. నవ్వేవాణ్ని గానీ, బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆ పది అంకె మనసులో తిరిగేది. చిన్న దీపం వేరు, పడవలో బ్యాటరీ మీద పడే బరువు వేరు అని లెక్క చెప్పుకున్నా కుదురు ఉండేది కాదు.

ఆ తరవాత వచ్చిన వేసవిలో ఒక సాయంత్రం బావ ఫోను చేశాడు. పాకలో దీపం ఆరిపోయిందట, అత్త పాలు పితుకుతుండగానే. తరవాత, "ఏటిరా, ఆ రోజు ఎల్లుంటే సముద్రంలో కూడా ఇలగే ఆరిపోయేదా?" అన్నాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆ అమ్మాయికి మీటరు తిరిగి ఇచ్చేస్తూ, సరిపోతుంది, నూనె మాత్రం తగలనివ్వకు అన్నాను. ఎందుకని అడిగితే మావ సంగతి చెప్పాను, బావ అడిగిన మాట చెప్పలేదు. ఎంత ఖరీదైన మీటరయినా ఉన్న క్షణాన్నే కొలుస్తుంది. గడిచిపోయిన రాత్రికి మొనలు ఆనించడానికి చోటు ఉండదు.