ఉప్పు తగలని ఐస్‌క్రీము

ప్రొద్దుటూరులో మా తమ్ముడి ఇంటికి వెళ్లే దారిలో ఈ మధ్య ఒక ఐస్‌క్రీము అంగడి పెట్టారు. అద్దాల తలుపు, లోపల ఏసీ, గోడ నిండా ప్లాస్టిక్ ఆకులు, ఆ ఆకుల ముందు నిలబడి ఫొటోలు తీసుకునే పిల్లలు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కోను కాలుతున్న వాసన, చక్కెర మాడీ మాడనట్టుగా, కొంచెం వెన్న కలిసినట్టుగా, రోడ్డు మీదికి వస్తుంది. జమ్మలమడుగు బస్సు దిగి నడిచి వచ్చే నేను అక్కడికి రాగానే కాస్త నెమ్మదిస్తాను. లోపలికి మాత్రం వెళ్లను. ఈ వయసులో ఒక్కదాన్నే కూర్చుని ఐస్‌క్రీము నాకుతుంటే ఎరిగినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని మొహమాటం. ఆ వాసన తగిలితే చాలు, మా జేజి గుర్తుకు వస్తుంది. నాయన వాళ్లమ్మను మేము జేజి అనేవాళ్లం. బయట మంచినీళ్లు కూడా ముట్టని ఆ మనిషికి ఐస్‌క్రీమంటే ప్రాణమని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక చీకటి నడవ. ఆ నడవలో ఎప్పుడూ కొత్త గుడ్డల గంజి వాసన, దాని వెంటే వంటింట్లోంచి తాలింపు వాసన. ఇంటివాళ్లకూ అంగట్లో పనిచేసేవాళ్లకూ, సరుకు తెచ్చి అన్నం వేళకు సరిగ్గా గుమ్మంలో దిగే బంధువులకూ కలిపి మా అమ్మ సరస్వతి వండేది. ఎండాకాలంలో పొయ్యి ముందు ఆమె ముఖం గోంగూర కాడలా ఎర్రబడేది. వడియాలు, ఊరగాయలు, శ్రావణమాసం ఓళిగలు, కార్తీకమాసం ఉపవాసాల ఫలహారాలు, ఇలా ఏ రుతువు వచ్చినా అది ముందుగా ఆమె చేతుల మీదికే వచ్చేది. ఇల్లు దాటి ఆమె వెళ్లేది గుడికి, పెళ్లిళ్లకు, పులివెందులలో పుట్టింటికి. ఇంకొకటి కూడా ఉండేది. నెలలో ఒక ఆదివారం సాయంత్రం మేమంతా హోటలుకు వెళ్లేవాళ్లం.

ఆ ఒక్క పూటా ఆమె పొయ్యి వెలిగించేది కాదు. పొద్దున్నుంచే ఆమె నడక మారిపోయేది. బీరువాలోంచి చీర తీసి మంచం మీద పరిచి, మళ్లీ మడిచి, ఇంకొకటి పరిచేది. అయితే ఈ సంబరమంతా జేజి మీద ఆధారపడి ఉండేది. ముసలామెను ఇంట్లో ఒంటరిగా వదిలేసి కోడలు మొగుణ్ని వెంటేసుకుని హోటలుకు పోయిందంటే మా బజారు నోరు ఊరుకోదు. అదే జేజి ముందు నడిస్తే, ఇంటిల్లిపాదీ సరదాగా పోయినారని అదే నోరు మెచ్చుకుంటుంది. జేజి రానంటే అమ్మకు ఆ ఆదివారం లేనట్టే.

జేజిని కదిలించడం మాటలు కాదు. ఆమె మడి మనిషి. తాత పోయినప్పటి నుంచి బయట వండింది తినదు. అందులో ఆమె పెట్టుకున్న గీత ఉప్పు. ఉప్పు పడిందంటే అది అన్నం కింద లెక్క, పరాయి చేతిది తినకూడదు. ఉప్పు పడని పాలు, పండ్లు, చక్కెర వగైరాలకు దోషం లేదు. ఈ గీతను బాగా చదువుకున్నవాడు మా నాయన. అంగట్లో కూర్చుని ఆడవాళ్లకు చీరలు ఒప్పించి ఒప్పించి ఆయన నాలుక బాగా సానబడింది. ఒకరోజు జేజి పక్కన చతికిలబడి, “ఐస్‌క్రీమంటే ఏముంది మా, పాలు, చక్కెర. అంతే. ఉప్పనేది యాడా తగల్దు” అన్నాడు.

జేజి కొడుకు వైపు తిరిగింది. “ఉప్పు లేదంటావు?”

“లేదంటాండా గదా.”

అట్లా జేజికి ఐస్‌క్రీము, అమ్మకు కారం దోసె ఒకే రోజు దొరికాయి.

ముందు హోటలు. అందులో ఆడవాళ్లున్న కుటుంబాల కోసం చెక్క తడికలతో చిన్న చిన్న గదులు కట్టి, వాటికి పూల పూల పరదాలు వేలాడదీసేవాళ్లు. లోపల ఒక బల్ల, రెండు బెంచీలు, నెత్తి మీద కిర్రుకిర్రుమనే ఫ్యాను. దోసె మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, పైన వెన్న ముద్ద వేసి తెచ్చేవాళ్లు. ఆ వెన్న కరిగి కారంలోకి దిగుతుంటే వచ్చే వాసనకు మా తమ్ముడు బల్ల ఎక్కినంత పనిచేసేవాడు. అమ్మ ముందుగా కరకరలాడే అంచు తుంచుకునేది. తరువాత మెల్లగా నడిమికి వచ్చేది. కారానికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కొంగుతో అద్దుకుంటూ, ఇది ఇంట్లో ఎందుకు ఇట్లా రాదో పైకే ఆలోచిస్తూ తినేది. ఇంట్లో ఆమె దోసె దీనికి ఏం తీసిపోదని నాయన అంటే, అది తనకెట్లా తెలుస్తుందని నవ్వేది. జేజి మాత్రం మాకు వీపు పెట్టి, పరదా సందులోంచి బజారు చూస్తూ కూర్చునేది. ఎంగిలి మెతుకు ఎగిరి పడుతుందని ఆమె భయం.

తరువాత ఐస్‌క్రీము అంగడి. ఇక్కడ జేజిదే రాజ్యం. ఇంటి నుంచి చేతిసంచిలో ఒక చిన్న వెండి గిన్నె, చెంచా తెచ్చుకునేది. అంగడి వాళ్ల గాజు కప్పుల్లో ఎవరెవరు తిన్నారో ఏమో. ఆమె వస్తోందంటేనే అంగడాయన నవ్వుకుంటూ చేయి కడుక్కుని, గరిటె కడిగి, ఆ గిన్నెలో వేసి ఇచ్చేవాడు. జేజి ఒక్కొక్క చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేది. పళ్లు జివ్వుమంటే చెంప పట్టుకుని కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టేది. మేము గులాబీ రంగుది తిని, ఎవరి నాలుక ఎక్కువ ఎర్రగా ఉందో చూపించమని ఆమె ముందు నాలుకలు చాపేవాళ్లం. తీర్పు ఎప్పుడూ తమ్ముడికే. మగపిల్లాడి మీద ఆమెకున్న పక్షపాతానికి నాకు ఇప్పటికీ కోపమే.

ఉప్పు సంగతి నాయనకు తెలియక కాదు. ఆ రోజుల్లో ఐస్‌క్రీమును చెక్క పీపాలో తిప్పేవాళ్లు. మధ్యలో పాల డబ్బా, చుట్టూ ఐసు ముక్కలు, ఆ ఐసు మీద గుప్పెళ్లకొద్దీ రాళ్లుప్పు. ఉప్పు లేనిదే పాలు గడ్డకట్టవు. ప్రొద్దుటూరు అంగట్లో ఆ పీపా వెనక గదిలో ఉండేది. నాయన ఎప్పుడూ జేజిని వీధి వైపు తిరిగే కుర్చీలోనే కూర్చోబెట్టేవాడు. ఆయన దృష్టిలో అబద్ధమేమీ లేదు. ఉప్పు డబ్బా బయటే ఉండిపోతుంది, పాలకు తగలదు. ఈ మాట మా నలుగురికీ తెలుసు, జేజికి చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

పులివెందులకు వెళ్లినా ఇదే వరస. మామ మమ్మల్ని బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీలకు తీసుకుపోయేవాడు. నానబెట్టిన బొరుగులకు పసుపు తాలింపు పెట్టి చేసే ఆ ఉగ్గాని వేడివేడిగా కాగితం మీద పోసి ఇస్తే, బజ్జీ కొరికి ఊదుకుంటూ తినేవాళ్లం. ఆ మంటకు పైన సుగంధి వేళ్ల నన్నారి సోడా. జేజి సోడా ముట్టేది కాదు. సోడాలో ఉప్పుంటుందా ఉండదా అనేది మా ఇంట్లో ఎంత వాదించుకున్నా తేలలేదు. తేలని దాన్ని తాగకూడదని ఆమె పట్టు.

ఒక కార్తీకమాసంలో అందరం గండికోటకు వెళ్లాం. అంచున నిలబడి లోయలో పెన్నను చూసి, గాలికి చీరలు సర్దుకుని, కట్టుకుపోయిన పులిహోర తిని, పొద్దు వాలేటప్పటికి జమ్మలమడుగు చేరాం. బస్సుకు ఇంకా వ్యవధి ఉంది. జేజి అలసిపోయి ఉంది, పెదాలు ఎండిపోయాయి. ఎదురుగా ఐస్‌క్రీము అంగడి బోర్డు కనబడగానే ఆమే ముందు నడిచింది. నాయన బస్సు వేళ కనుక్కోవడానికి పోయి ఉన్నాడు. ఆ అంగట్లో పీపా వరండాలోనే, అందరి కళ్ల ముందే తిరుగుతోంది. జేజి గిన్నె తీసి పట్టుకుని ముచ్చటగా చూస్తూ నిలబడింది. అంగడాయన గోనెసంచిలో చేయిపెట్టి తెల్లటి రాళ్లు గుప్పెడు తీసి పీపాలో పోశాడు.

“అదేందప్పా పోస్తాండావు?” అంది జేజి.

“ఉప్పవ్వా. ఉప్పు లేకపోతే యాడ గడ్డ కడ్తాది?”

జేజి గిన్నెను మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. నాయన ఉరుక్కుంటూ వచ్చి, డబ్బా మూత బిగువుగా ఉంటుందని, ఉప్పు లోపలికి పోదని చెప్పబోయాడు. ఆమె కొడుకు ముఖం వైపు ఒకసారి చూసి, పోయి ఆగి ఉన్న బస్సులో కూర్చుంది. దారి పొడుగునా అమ్మ తమ్ముణ్ని ఒళ్లో వేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఇక ఆదివారాలు అయిపోయినట్టేనని చిన్నదాన్నైన నాకే అర్థమైంది, ఆమెకు అర్థం కాకుండా ఉంటుందా.

అదే జరిగింది. పై నెల ఆదివారం వచ్చింది, పోయింది. అమ్మ ఆ సాయంత్రం చపాతీలు ఒత్తింది. చీరల మాట ఎత్తలేదు. హోటలు మాట ఎత్తిన తమ్ముడికి వీపు మీద ఒకటి పడింది. నాయన ఊరుకోలేక ఒకనాడు జేజి దగ్గర చేరాడు. “కడపలో కరెంటు మిషన్లు వచ్చినాయంట మా. ఉప్పే వెయ్యరంట.”

“ముందుగూడా ఆ మాటే చెప్పినావు” అంది జేజి. ఆయన లేచి అంగట్లోకి వెళ్లిపోయాడు.

చలి తగ్గి, మామిడి పూత వాసన మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం జేజి వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. అమ్మ రాత్రి కూరకు వంకాయలు తరుగుతోంది. “సరసూ, కత్తిపీట ఎత్తిపెట్టు. చీర కట్టుకో, పోదాం” అంది. అమ్మ తరిగిన వంకాయలు నీళ్లలో వేసి బీరువా వైపు నడిచింది. నాయన గబగబా చెప్పులు వేసుకున్నాడు, ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని.

హోటల్లో అదే గది, అదే పరదా. జేజి సంచిలోంచి వెండి గిన్నె కాకుండా అరటిపండు తీసి బల్ల మీద పెట్టుకుంది. ఈసారి ఆమె పరదా వైపు తిరగలేదు. అమ్మకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. దోసె వచ్చింది, వెన్న కరుగుతోంది, అమ్మ చేయి మాత్రం కదలడం లేదు.

“మీరు ఉత్తగనే కూచ్చోనుంటే మేమెట్ల తినేది అత్తా? ఐస్‌క్రీము గూడా లేకపాయె. మాకోసరం ఎందుకు ఇంతదూరం?”

జేజి అరటిపండు తొక్క తీస్తూ అంది: “నువ్వు తిను సరసూ. నేను చూస్తాంటా. ఇన్నేండ్లాయె మనింటికొచ్చి, నువ్వు తినేది నేనొక దినమన్నా చూసినానా?”

అమ్మ తల వంచుకుని అంచు తుంచుకుంది. ఆ రోజు కళ్లు తుడుచుకున్నప్పుడు, కారం ఎక్కువైందని మాకు చెప్పింది. మేము నమ్మాం.

జేజి ఆ తరువాత బతికినంతకాలం మాతో వచ్చింది. ఐస్‌క్రీము మళ్లీ నోట పెట్టలేదు. మేము తింటుంటే చప్పరించినట్టు పెదాలు కదిలించేది, అంతే. అంత ఇష్టమైన దాన్ని వదులుకుని, అమ్మ ఆదివారాన్ని మాత్రం ఆమె వదలలేదు. మడి, ఆచారమని మేము వెనకాల నవ్వుకున్న మనిషిలో ఇంత ప్రేమ ఉందని తెలుసుకునే వయసు నాకు అప్పటికి లేదు.

ఇప్పుడు ఆ తడికల గదులు లేవు, పరదాలు లేవు, ఉప్పు పోసి తిప్పే పీపా నా పిల్లలు బొమ్మలో కూడా చూడలేదు. హోటలుకు పోవడానికి ఏ కోడలూ ఎవరి తోడూ అడగక్కర్లేదు. మంచిదే. అసలు హోటలుకు పోనక్కర్లేదు కూడా, ఫోనులో నొక్కితే హోటలే ఇంటికి వస్తుంది. మొన్న నేను వెళ్లినప్పుడు తమ్ముడు అందరికీ కారం దోసెలు తెప్పించాడు. వాళ్ల దగ్గరే ఉంటున్న అమ్మ పొట్లాలు విప్పి, చట్నీలు గిన్నెల్లో పోసి, ఎవరి పళ్లెం వాళ్లకు అందించింది. పిల్లలు టీవీ చూస్తూ, తమ్ముడు ఫోను చూస్తూ, మరదలు ఆఫీసు పని చూసుకుంటూ తిన్నారు. ఎవరి తప్పూ లేదు, ఎవరి తొందర వాళ్లది. అందరివీ అయ్యాక చూస్తే అమ్మ వంటింట్లో స్టూలు మీద కూర్చుని, మిగిలిన పొట్లం విప్పుతోంది. వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“ఏందే, అట్ల చూస్తాండావు?” అంది.

“ఏంలేదు మా. తిను.”

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. తరువాత, ఆ చల్లారిపోయిన దోసెను, అంచు దగ్గర మొదలుపెట్టి, నిదానంగా తిన్నది.