సర్కారు దవాఖాన భయం

దేవయ్య మొండిఘటం. ధర్మపురి దగ్గరి పల్లె నుంచి వచ్చి మస్కట్‌లో గోడలు కట్టే ఈ మేస్త్రీకి ఎండంటే లెక్కలేదు, యజమాని అర్బాబంటే బెదురు లేదు. సర్కారు దవాఖాన పేరెత్తితే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. డెబ్బై ఏడు వేసవిలో ఆ భయమే బామ్మర్ది ఇస్తారి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ రోజు మస్కట్ హమ్రియా పేటలోని కూలీల రూమ్‌లో ఇస్తారి పొద్దున్నుంచీ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. దేవయ్య వాము నీళ్లు తాగించాడు, బొడ్డు చుట్టూ ఆముదం రాశాడు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది, వాంతులు ఆగడం లేదు. కంపెనీ డ్రైవర్ రహీం, హైదరాబాదీ, బండి తెచ్చి వాకిట్లో ఆపాడు. దవాఖానకు పోదాం పట్టమంటే దేవయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"కోస్తరు భాయ్. నేను పంప."

వెర్రిబాగులవాడని తిట్టుకోకండి. ఏడాది కింద, ఎమర్జెన్సీలో, వాళ్ల ఊరికి జీపు వచ్చింది. పేదరికం పోగొడతామన్న ఢిల్లీ పెద్దలు పేదవాణ్ణే కోయడం మొదలుపెట్టిన రోజులవి. పెళ్లై మూడేళ్లయినా పిల్లల్లేని దేవయ్యను, లెక్క నిండాలని ఎక్కించుకుపోయి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలేశారు. భార్య గౌరవ్వకు కూడా ఆ మాట చెప్పుకోలేక సిగ్గుతో దేశం దాటాడు. మొన్న ఓట్లలో ఆ సర్కారు కూలిందని రేడియో చెప్పినా నమ్మకం కలగలేదు. కొత్త పెద్దలొస్తే కత్తి పారేస్తారా? ఇస్తారికి పెళ్లై ఆర్నెల్లు.

గొడవ విని వాచ్‌మన్ అబ్దుల్ వహాబ్ వచ్చాడు. ఆ ముసలాయనది అల్ సువైక్ అనే దూరపు ఊరు. రహీం అరబ్బీ మాటను తెలుగు చేసి అందించగా దేవయ్యకు తన గోడు చెప్పాడు. వెనకటి సుల్తాను కాలంలో వాళ్ల ఊళ్లో డాక్టరే లేడు. కాన్పు కష్టమైన భార్యను ఒంటె మీద మస్కట్‌కు తెస్తుంటే దారిలోనే పోయింది. కొత్త సుల్తాను వచ్చిన ఈ ఏడేళ్లలో దవాఖానలు లేచాయి, పరదేశినైనా చూస్తున్నారు. ఆ పొద్దు తనకు తట్టడానికి దవాఖాన తలుపే లేదనీ, ఈ పొద్దు తలుపుండి నువ్వు అడ్డం నిలబడ్డావనీ అంటూ ముసలాయన ఏడ్చేశాడు. దేవయ్య గుమ్మం వదిలి పక్కకు జరిగాడు.

దవాఖానలో హైదరాబాదీ డాక్టర్ నిసార్ అహ్మద్ కడుపు నొక్కి చూసి, పేగు పగిలేలా ఉంది, గంట ఆగినా దక్కడన్నాడు. పెద్దదిక్కువు నువ్వేగా అని ఆపరేషన్‌కు ఒప్పుకోలు కాగితం, సిరా డబ్బీ ముందు పెట్టాడు. దేవయ్య చెయ్యి లేవలేదు. పక్కన స్ట్రెచర్ మీద ఇస్తారి మూలుగుతున్నాడు.

"సారూ, పోయినేడు గిట్లనే ఏలిముద్ర ఏయించుకొని నాకు పిల్లలు పుట్టకుంట కోసిండ్రు. ఈనికి గట్ల చెయ్యకుండ్రి."

ఇస్తారి మూలుగు ఆగిపోయింది. డాక్టర్ ఇస్తారి కడుపు కుడిపక్కన వేలితో గీత గీసి, కోసేది ఇక్కడే, ఇంతే అని చూపించాడు. దేవయ్య కళ్లు మూసుకుని బొటనవేలు అద్దాడు.

ఇస్తారి బతికాడు. మూడో రోజున బావను మంచం దగ్గరికి పిలిచాడు.

"మీ అవ్వ మా అక్కను గొడ్డుదని తిడుతాంటే పక్కన కూసోని బువ్వ తిన్నవ్ గదా బావా."

దేవయ్య లేచి, గౌరవ్వకు ఉత్తరం రాసిపెట్టేవాణ్ణి వెతుక్కుంటూ బయటికి నడిచాడు.