పెద్దమ్మ చేసిన పని పేరు

పోయిన ఆదివారం పొద్దున దోహాలో మా పెద్దమ్మ చనిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. అక్కడి అల్ హిలాల్ పేటలో ఒక నార్వే కుటుంబం ఇంట్లో తొమ్మిదేళ్ళు పనిచేసింది. అంతకుముందు కడప దగ్గర మా ఊళ్ళో ఆమె మంత్రసాని. ఈ మాట ఇక్కడ నా తోటివాళ్ళకు నేనెప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను; నన్ను పంపమని అమ్మతో పోట్లాడింది ఆమే. అయినా, దోహాలో నేను పనిచేసే క్లినిక్‌లో ఎవరైనా అడిగితే "ఊళ్ళో ఆస్పత్రి ఆయా" అనేదాన్ని.

సెలవు రోజని శుక్రవారాలు ఆమె దగ్గరికి వెళ్తే, గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటూ కనిపించేది.

"ఇక్కడెవరికి కాన్పు చేయాలని, పెద్దమ్మా?"

"పని లేదని చేతులకు ఎవురు చెప్తారు మే?"

ఆ ఇంటి మేడమ్ కడుపుతో ఉన్నప్పుడు, తన నడుమును పెద్దమ్మ నిమిరే తీరు చూసి, ఈమె ఊళ్ళో ఏం చేసేదని నన్నడిగింది. మొదటిసారి నిజం చెప్పాను.

"యూర్‌మూర్!" అంది మేడమ్. వాళ్ళ భాషలో మంత్రసాని. యూర్ అంటే నేల, మూర్ అంటే అమ్మ. పాతరోజుల్లో ముందున్న ముక్క వేరట, దానికి అప్పుడే పుట్టిన బిడ్డ అని అర్థమట. ఆ మాట మరుగునపడ్డాక జనం దాని చోట నేలను పెట్టుకున్నారట.

పెద్దమ్మ నవ్వింది. "బిడ్డను మరిచినా అమ్మను మరవలేదు గదా! ఆ దేశంలో మంత్రసానిని ఇంట్లో కూచోమంటారంటనా? అడుగు."

"మొదటి కుర్చీ ఆమెకే" అంది మేడమ్.

ఆ మాట తెలుగులో చెప్తే పెద్దమ్మ గడప వైపు చూసింది. "మనూళ్ళో బిడ్డ పుట్టేదాంక నేను లోపల. పుట్టినాక గడప బయట."

పోయాక ఆమెను ఊరికి పంపే కాగితాల్లో వృత్తి దగ్గర 'ఇంటి పనిమనిషి' అని ఉంది. మార్చమన్నాను.

"వీసాలో ఉన్నదే రాయాలమ్మా. ఇప్పుడు మారిస్తే శవపేటిక కదలదు" అన్నాడు ఎంబసీ గుమాస్తా, మెత్తగానే.

"పెట్టె మీద రాయొచ్చా?"

"దానికి రూలేం లేదు."

పేరు కింద పెద్ద అక్షరాలతో 'మంత్రసాని' అని రాశాను. తోడొచ్చిన క్లినిక్ స్నేహితురాలు చూసింది.

"ఆయా అన్నావు గదా?"

"అబద్ధం చెప్పాను."

నిన్న పెట్టె ఊరు చేరింది. అమ్మకు చదువు రాదు. వీడియో కాల్‌లో "యాడ రాసినావు మే?" అని వెతికి, వేలు పెట్టింది. అదేనన్నాను. వేలు మెల్లగా చివరి అక్షరం దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చింది.